చెట్టెక్కే ముందు అడిగేటాయన

సక్కగ కూసొని ఇను బిడ్డా, నేను చెప్పినట్టే రాయి.

నాచారంల మనింటి మీదికి చెట్టు వంగితే, మీ తాత పిలిచిన కాంట్రాక్టర్ ఉప్పల్ నుంచి చెట్లు కొట్టేటాయనను తోలుకొచ్చిండు. ఆయనకొక అలవాటు. నడుముకు తాడు కట్టుకొని, ఎక్కే ముందు అడుగుతడు: "నేను పడితే ఎవరి మనిషిని?"

"మనోడివే గద అన్నా!" అని కాంట్రాక్టర్ నవ్విండు.

"అయితే దవాఖానా ఖర్చు ఎవరిది?"

"నువ్వు కూలికొచ్చినవ్. నాకేం సంబంధం?"

ఈయన లొల్లి పెట్టలే. తాడు ఇప్పి కూసున్నడు. మీ తాత బతిమిలాడిండు, "చెట్టు ఇంటి మీద పడేటట్టుంది, జర ఎక్కు బిడ్డా!"

"ఇల్లు పడితే మళ్ల కట్టుకుంటరు పెద్దాయనా. నేను పడితే?"

ఆఖరికి కాంట్రాక్టర్ బీమా చేయించి ఫోన్‌ల సూపెట్టిండు. ఈయన నిమ్మళంగ సదివి, "నా పేరుంది. కింద కొమ్మలు ఏరే అక్క పేరేది? నేను నరికిన కొమ్మ పడేది ఆమె దిక్కే గద," అన్నడు.

ఆమెకు గూడ బీమా చేసినంకనే ఎక్కిండు. ఎన్నేండ్ల సంది ఆమె ఆ కాంట్రాక్టర్ దగ్గరనే పనిచేస్తున్నా, "అక్కా, నీ పేరేంది?" అని కాంట్రాక్టర్ అడిగింది గప్పుడేనట. ఆమె కొంగు సదురుకొని, గట్టిగ తన పేరు... ఆ, వస్తున్న కోడలా, అన్నం పెట్టు!