కిరాయికిచ్చే మల్లేశం కిరాయికి తెచ్చుకున్న కారు

కరోనా సద్దుమణిగి, మాస్కులు మూతి మీద నుంచి జేబుల్లోకి దిగిన ఏడాది ఎండాకాలంలో నన్ను మా బ్యాంకు ఆబిడ్స్ శాఖకు బదిలీ చేశారు. హోదా సీనియర్ మేనేజరు. పని వ్యక్తిగత రుణాల విభాగం. అంటే ఇల్లు, కారు, చదువు, పెళ్ళి అంటూ మనుషులు ఆదాయం చూపించి అడిగే అప్పులన్నీ నా బల్ల మీదుగానే వెళ్ళాలి. అప్పటికి నా రిటైర్మెంటుకు రెండేళ్ళే ఉంది. ఆ వయసులో ఉన్నవాళ్ళను మామూలుగా కదపరు. "మీ అనుభవం అక్కడ అవసరం మేడం" అన్నారు మా రీజనల్ మేనేజరు. ఇంకెవరూ వెళ్ళడానికి ఒప్పుకోలేదన్న మాటను మా బ్యాంకులో అలా చెప్పేవారు.

చేరిన నెలలోనే మల్లేశం నా ఎదుటి కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. ఆయనకు నాంపల్లి స్టేషను దగ్గరి గల్లీలో టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, గంగాళాలు, గరిటెలు కిరాయికిస్తాడు. ఆయన నాకు కొత్తవాడు కాదు. చాదర్‌ఘాట్‌లో మా గృహప్రవేశానికి సామానంతా ఆయన దగ్గరే తెచ్చాం. తిరిగి అప్పజెప్పే రోజు ఆయన ఒక్కొక్క గిన్నెను వెలుతురుకు పట్టి, బోర్లించి, వేలితో మీటి చూశాడు. గంగాళానికి కొత్త సొట్ట పడిందని కొంత, పులిహోర గరిటె ఒకటి తక్కువైందని కొంత, మా అడ్వాన్సులో కోసుకున్నాడు. ఆ గరిటె ఆయన దుకాణంలోనే ఎక్కడో ఉందని మావారు ఇప్పటికీ వాదిస్తారు.

అటువంటి మల్లేశం ఆ రోజు నా ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం చూస్తే, నిజం చెప్పొద్దూ, నాకు కాస్త సంబరంగానే అనిపించింది.

వచ్చిన పని కూతురి గురించి. సరిత ఇంజనీరింగ్ చదివి, రక్తశుద్ధి చేసే డయాలసిస్ మెషిన్లు అమ్మే కంపెనీలో సర్వీసు ఇంజనీరుగా ఎంపికైంది. జిల్లా దవాఖానల్లో మెషిన్ ఆగిపోయిందని ఫోను రాగానే పనిముట్ల పెట్టెతో బయలుదేరి వెళ్ళాలి. బస్సు కోసం కాచుకు కూర్చుంటే అక్కడ మంచం మీద ఉన్నవాళ్ళు ఆగలేరు. అందుకని చేరే రోజుకు చేతిలో కారు ఉండాలని కంపెనీ షరతు పెట్టింది. లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాత ఉన్న అబ్బాయికి వెళ్ళిపోతుంది. గడువు నెలాఖరు.

మల్లేశానికి పర్సనల్ లోను కావాలి. ఇది తాకట్టు ఏమీ లేకుండా, మనిషి ఆదాయాన్ని, పాత అప్పులు తీర్చిన తీరును చూసి ఇచ్చే అప్పు. తాకట్టు లేదు కాబట్టి వడ్డీ ఎక్కువ. కారు కొనేవాళ్ళకు కారు లోనే చౌక కదా అని చెప్పాను. కాకపోతే కారు లోను తీసుకుంటే బండి రిజిస్ట్రేషన్ కాగితం మీద, అంటే ఆర్‌సీ మీద, బ్యాంకు పేరు కూడా ఎక్కుతుంది. వాయిదాలు తీరాక బ్యాంకు ఇచ్చే పత్రం చూపించి ఆర్‌టీఏ ఆఫీసులో ఆ పేరు తీయించుకోవాలి.

ఆ మాట వినగానే మల్లేశం కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. వెనకటికి ఒక ప్రైవేటు ఫైనాన్సు వాళ్ళ దగ్గర అప్పు చేసి ట్రాలీ ఆటో కొన్నాడట. పెళ్ళిళ్ళు లేని కాలంలో వాయిదాలు తప్పాయి. ముహూర్తాలు మొదలై బేరం వచ్చిన రోజునే వాళ్ళు వచ్చి, గౌలిగూడలో పెళ్ళివారింటి ముందు, గిన్నెలు దింపుతుండగా ఆటో పట్టుకుపోయారు.

"సగం గిన్నెలు ఆటోలనే వొయినయ్ మేడం. పెండ్లోళ్ళంత సూస్తున్నరు. ఆ దినం అనుకున్న, నా బండి కాగితం మీద నా పేరు తప్ప ఇంకొకని పేరు ఉండొద్దని" అన్నాడు. ఇంకొకరి పొరపాట్లను వేలితో మీటి పట్టుకునే మనిషి గొంతు అప్పుడు సన్నగా పలికింది. నా సంబరం కొంచెం తగ్గింది.

సరే, పర్సనల్ లోనే చూద్దామని కాగితాలు అడిగాను. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ఆదాయపు పన్ను వాళ్ళకు తాను నిరుపేదనని మల్లేశం ఏటేటా శ్రద్ధగా రాసిచ్చాడు. ఇప్పుడు అవే కాగితాలు నా ముందు పెట్టి, తనను కలిగినవాడిగా చూడమంటున్నాడు. నెల వాయిదాలన్నీ కలిపి, చూపించిన ఆదాయంలో సగం దాటకూడదని మా లెక్క. ఆ లెక్కన ఆయనకు వచ్చే అప్పుతో కారు రాదు, మహా అయితే ఓ పాత స్కూటరు వస్తుంది. సరిత పేరు మీద ఇద్దామంటే ఆమె ఇంకా ఉద్యోగంలో చేరనే లేదు, జీతం చీటీ లేదు.

"ఇన్నేండ్లు టాక్సు కట్టకుండ తప్పించుకున్ననని అనుకున్న" అన్నాడు దిగులుగా.  నేను అనవలసిందంతా ఆయనే అనేసుకున్నాడు.

మర్నాడు కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. సరిత పొడుగ్గా, తండ్రి కన్నా నిదానంగా ఉంది. సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టింది. ఆమె కంపెనీ ఉద్యోగులకు, ఎంపికై చేరబోయేవాళ్ళకు కూడా, కారు లీజు సదుపాయం ఇస్తుంది. కారు లీజింగు సంస్థ కొంటుంది, ఆర్‌సీ ఆ సంస్థ పేరు మీదే ఉంటుంది. మూడేళ్ళు నడుపుకోవచ్చు. నెలనెలా అద్దె జీతంలో ముందే కోసేస్తారు. ఇన్సూరెన్సు, సర్వీసింగు అందులోనే. గడువు తీరాక కారు తిరిగి ఇచ్చేయాలి.

"కిరాయి బండి మేడం!" అన్నాడు మల్లేశం, ఇంట్లో దొంగలు పడ్డారని ఫిర్యాదు చేసేవాడిలా. "మా ఇంటి ముంగట కిరాయి బండి నిలవడితే నలుగురు ఏమనుకుంటరు?"

మీరు ఉంటున్న ఇల్లు కిరాయిది, దుకాణం కిరాయిది, నాంపల్లిలో సగం పెళ్ళిళ్ళు మీ కిరాయి కుర్చీల మీదే జరుగుతాయి, కారు ఒక్కటే ఏం పాపం చేసిందని అడిగాను. కిరాయికి ఇచ్చుడు వేరు, తెచ్చుకునుడు వేరని ఆయన జవాబు. సరిత కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది.

కాగితం తీసుకుని రెండు లెక్కలూ పక్కపక్కన వేశాను. అప్పు చేసి కొంటే మొత్తం మీద ఎక్కువ కడతారు కానీ చివరికి కారు మిగులుతుంది, అప్పటికి దాని ధర సగానికి దిగినా సరే. లీజుకైతే చివరికి ఏమీ మిగలదు. కానీ చేతి నుంచి ఒకేసారి పెద్ద మొత్తం పెట్టక్కర్లేదు, మరమ్మతు వస్తే మనకు తలనొప్పి లేదు, పన్నులో కూడా కొంత కలిసివస్తుంది. పదేళ్ళు ఒకే కారు వాడుకునే ఇంటికి కొనడం మేలు. ఉద్యోగం కోసమే కారు కావలసిన, రేపు ఏ ఊళ్ళో ఉంటుందో తెలియని అమ్మాయికి లీజు మేలు. ఇలా చెప్పడమంటే వచ్చిన బేరాన్ని చేతులారా వదులుకోవడమే. మా రీజనల్ మేనేజరు వింటే నాకు అక్షింతలు పడేవి. కానీ మా దగ్గర ఆమెకు వచ్చే అప్పే లేనప్పుడు, రాని అప్పును పొగిడి ఏం లాభం?

సరిత తండ్రి వైపు తిరిగింది. "మనది అని రాస్కున్న బండినే గద డాడీ గుంజుకపోయిన్రు. ఇది మనది గానే గాదు, టైమైనాక మనమే ఇచ్చేస్తం. ఇందుల ఇజ్జత్ వొయ్యేది ఏమున్నది? నాకు కావల్సింది బండి గాదు. ఆడ మెషిన్ ఆగితే నేను టైముకు పోవాలె, గంతే."

తల్లి పోయిన దగ్గర నుంచి ఆ ఇంట్లో ఇద్దరే. తండ్రి కాదంటే సంతకం పెట్టనని ఆ పిల్ల కాగితాలు నా ముందు పెడుతూనే చెప్పింది. ఆయన వద్దంటే ఉద్యోగం పోతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మల్లేశం చాలాసేపు ఒప్పందంలో కారు తిరిగి ఇచ్చే షరతులున్న పేజీనే చూస్తూ ఉండిపోయాడు. ఆఖరికి అసలు సంగతి బయటపెట్టాడు.

"కిరాయి కట్టుడు గురించి నాకు ఫికర్ లేదు మేడం. వాపస్ ఇచ్చేనాడు ఆడ నాసొంటోడు ఒకడు కూసుంటడు గద. వాడు ఎట్ల సూస్తడో నాకు ఎర్కనే."

నాకు నవ్వు వచ్చిన మాట వాస్తవం. కానీ ఆయన నిజంగానే భయపడుతున్నాడు. ఇన్నేళ్ళూ బల్లకు ఒకే వైపు కూర్చున్న మనిషికి అవతలి వైపు కుర్చీ ఎంత ఎత్తుగా కనబడుతుందో ఆ రోజే చూశాను.

చివరికి సరే అన్నాడు, ఒక షరతు మీద. తిరిగి ఇచ్చే రోజు సాక్షిగా నేను రావాలి. నేనే ఎందుకని అడిగాను. "గరిటె లొల్లి ఇంతవరకు మర్శిపోనోళ్ళు మీరు. గసొంటోళ్ళే ఉండాలె" అన్నాడు.

కారు వచ్చిన రోజు డెలివరీ ఇచ్చే కుర్రాళ్ళకు తల ప్రాణం తోకకు వచ్చిందని సరిత ఫోనులో చెప్పింది. మల్లేశం నాలుగు తలుపులూ తీసి వేసి, డిక్కీలో చెయ్యి పెట్టి తడిమి, అద్దాలు మీటి, ప్రతి మూలా ఫోటో తీయించాడట. గుడి దగ్గర బండి పూజకు పంతులుగారు ఎవరి పేరు మీద చేయాలని అడిగితే, కాగితం మీదున్న కంపెనీ గోత్రం తనకు తెలియదని నీళ్ళు నమిలాడట. సరితే ముందుకొచ్చి తన పేరు చెప్పింది. గుమ్మడికాయ కొట్టాక ఆయన స్వయంగా నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన తీగను కారు ముందు జాలీకి బిగించి కట్టాడు.

తర్వాత మూడేళ్ళు ఆ కారుకు జరిగిన మర్యాద ఏ పెళ్ళికొడుక్కీ జరిగి ఉండదు. సీట్ల మీది ప్లాస్టిక్ కవరు తీయనివ్వలేదు. లోపల కూర్చుని మిర్చీ బజ్జీ తినడం నేరం. ఎండకు రంగు పోతుందని దాని నెత్తిన తన కొత్త షామియానా కట్టించాడు. సరిత మాత్రం దాన్ని పనికే వాడింది. అర్ధరాత్రి, వాన అనకుండా ములుగు వైపూ ఆదిలాబాద్ వైపూ తిప్పింది. బురదతో వచ్చిన కారును మల్లేశం తిట్టుకుంటూ కడిగేవాడు. ఈ మధ్యలో నేను రిటైరయ్యాను. సరితకు ప్రమోషన్ వచ్చింది.

గడువు తీరిన రోజు పిలుపు వచ్చింది, వెళ్ళాను. టెంట్ హౌస్ ముందు కారు మెరుస్తూ నిలబడి ఉంది. లీజింగు సంస్థ పంపిన ఇన్‌స్పెక్టరు పాతికేళ్ళ కుర్రాడు, మర్యాదస్తుడు. టైర్లు, అద్దాలు, ఇంజను చూసి, ట్యాబులో టిక్కులు పెట్టుకున్నాడు. అంతా బాగుందన్నాడు. మల్లేశం ముఖంలో చుక్క నెత్తురు లేదు. కుర్రాడు సంతకం కోసం ట్యాబు చాపగానే ఆయన ఉండబట్టలేక కారు ముందుకు నడిచి, జాలీ మీద ఒక చోట వేలు పెట్టాడు.

"గిది సూడలే నువ్వు."

సన్నటి గీత. మూడేళ్ళుగా నిమ్మకాయల తీగ ఊగి ఊగి రాసుకున్న చోటు. ఎవరినీ కారు మీద చెయ్యి వేయనివ్వని మనిషి స్వయంగా కట్టిన తీగే దాని మీద పడిన ఏకైక మచ్చ. సరిత నెత్తి కొట్టుకుంది.

కుర్రాడు వంగి చూసి, అది మామూలు వాడకంలో వచ్చే గీత అని, దానికి పైసలు కోయరని చెప్పాడు. ఒప్పందంలోనే అలా ఉందన్నాడు.

మల్లేశానికి కోపం వచ్చింది. "గీత గీతనే గద! నీ బండికి దెబ్బ తాకితే నీకు నొయ్యదా? నువ్వు పైసలు కొయ్యకుంటే నీ సేటు నిన్నేమనడా?"

తమ సేటు ఏమీ అనరని, బండి అన్నాక వాడతారు, వాడితే అరుగుతుంది, అద్దెలో ఆ అరుగుదల కూడా కలిపే ఉంటుందని ఆ అబ్బాయి ఓపికగా చెప్పాడు.  మల్లేశం మెల్లగా తిరిగి, దుకాణంలో దొంతరలుగా పేర్చిన గంగాళాల వైపు చూశాడు. ఎన్ని పెళ్ళిళ్ళ సొట్టలు ఆయన కళ్ళ ముందు తిరిగాయో నాకు తెలియదు.

అవకాశం వచ్చింది కదా అని నేను ఊరుకోలేదు. మరి మా గృహప్రవేశం గంగాళం మాటేమిటని అడిగాను.

"సొట్టకు తీసుకునుడు తప్పే మేడం" అన్నాడు. అంతలోనే తేరుకుని, "గరిటె మాత్రం పోయింది. పోయినదానికి అరుగుడు ఉండది" అన్నాడు.

సరితకు కొత్త లీజు కారు వచ్చింది. ఈసారి నిమ్మకాయలను తీగతో కాదు, మెత్తటి దారంతో కట్టాడు. ఆ మధ్య నాంపల్లి వెళ్ళినప్పుడు టెంట్ హౌస్‌లో కొత్త బోర్డు చూశాను. మామూలు వాడకంలో పడ్డ సొట్టలకు పైసలు తీసుకోబడవని పెద్ద అక్షరాలతో రాయించాడు. దాని కింద, పోయిన గరిటెలకు తీసుకోబడునని ఇంకా పెద్ద అక్షరాలతో.

ఈ వ్యవహారం నుంచి నేను నేర్చుకున్నది ఒకటి. లోనా, లీజా అని అడిగేవాళ్ళకు నేను సర్వీసంతా మొదట వడ్డీ రేటు చెప్పేదాన్ని. ఇప్పుడు తెలిసినవాళ్ళు ఎవరైనా అడిగితే ముందు ఒక ప్రశ్న వేస్తాను, తిరిగి ఇచ్చే రోజు గురించి మీకేమైనా భయముందా అని. భయం ఉందంటే, ఒప్పందంలో ఆ పేజీ తీసి వాళ్ళ పక్కన కూర్చుని చదువుతాను. వడ్డీ లెక్క ఆ తర్వాత వేస్తాను.