నలభై కిలోల రాగి

కాటాలు బాగుచేసే మెకానిక్కుకు ఒక దురలవాటు ఉంది. ఖాళీ కాటా సున్నా చూపించకపోతే లోపలి భాగం మార్చడు. కాటా లోపల బరువును కొలిచే నాలుగు రెసిస్టర్ల బ్రిడ్జిలో ఒకదాని మీద ఇంకో చవక రెసిస్టర్ అడ్డంగా సోల్డర్ చేసి, టేపు చుట్టి, చేతులు దులుపుకుంటాడు. ఆ పనితనాన్ని అందరూ మెచ్చుకున్నారు. అందరికంటే ఎక్కువగా ఆయనే మెచ్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం తుక్కు యార్డు నుంచి పిలుపొచ్చింది. వెళ్లేసరికి కాటా పక్కన బావ నెత్తుటి ముద్దలా పడి ఉన్నాడు. అక్క మొగుడు, ఆ యార్డుకు కాపలాదారు. కుడిచేతి వేళ్లు ఎటుపడితే అటు వంగిపోయాయి, ఒక కన్ను వాచి పూడుకుపోయింది. పొద్దున తూచిన రాగి తొట్టి కాటా మీదే ఉంది. మధ్యాహ్నానికి నలభై కిలోలు తగ్గింది. ఇలా జరగడం ఇది మూడో రోజు.

"కాటా బాగుందని నీ నోటితో చెప్పు. అప్పుడు ఈ రాగి దొంగ రెండో చెయ్యీ విరగ్గొడతా," అన్నాడు యార్డు యజమాని, ఇనప కడ్డీ ఊపుతూ.

మెకానిక్కు వంగి కాటా లోపలి పెట్టె తెరిచాడు. తీగలు విప్పి మీటరు పట్టాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నాడు యజమాని.

"నాలుగు రెసిస్టర్లూ మూడొందల యాభై ఓములవండి, చదరంగా కలిపుంటాయి. ఒకదాని కొసలు పట్టుకుంటే, మిగతా మూడూ వరసగా వెయ్యిన్నీ యాభై అయ్యి దానికి పక్కదారవుతాయి. రెండు దారులూ కలిపి రెండొందల అరవై రెండున్నర చూపించాలి."

మూడు చోట్ల దాదాపు అంతే చూపించింది. నాలుగోచోట రెండొందల అరవై రెండుకు కూడా రాలేదు. అంటే అక్కడ ఇంకో పక్కదారి ఉంది. టేపు విప్పక్కర్లేదు, అది ఎవరు చుట్టారో ఆయనకు తెలుసు.

తీగలు మళ్లీ కలిపి, తన సంచిలోని సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి టేపు దగ్గరికి తెచ్చాడు. తెర మీద బరువు ఇంకా పడిపోయింది. తొట్టిలో ఒక్క ముక్క కదల్లేదు.

"టేపు కింద చవక రెసిస్టర్ ఉంది, వేడికి మారిపోతుంది. ఎండకి తూకం తగ్గిందండి. బావ ఏం తియ్యలేదు."

"ఎవడు పెట్టాడు దీన్ని?"

కాటా తయారుచేసిన వాళ్లే అనేస్తే సరిపోయేది. బావ ఒంటికన్నుతో చూస్తున్నాడు.

"నేనే."

యజమాని ఆయన్ని ముట్టుకోలేదు. కడ్డీ తీసుకెళ్లి బావ ఎడమచేతిలో పెట్టాడు. బావ గోడ పట్టుకుని లేచాడు.

"బావా, తెలీక చేశాను..."

మొదటి దెబ్బ భుజం మీద పడింది, రెండోది మోచేతి మీద. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. మూడోది ఎత్తుతూ బావ వెక్కివెక్కి ఏడ్చాడు, కానీ ఆపలేదు.