నర్సింగన్న ఫోల్డర్

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. పదకొండేళ్లుగా లైనక్స్ సర్వర్లతో పని. మిషన్ ఏం చేసినా దానికి కారణం అది రాసుకునే ఏదో ఒక లాగ్‌లో ఉంటుంది. కనిపించలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఇప్పటికీ నా అభిప్రాయం అదే, ఒక్క శుక్రవారం సంగతి తప్ప.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర మందుల సరుకు పంపే ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. మాది తెనాలి వైపు, నాన్న ఉద్యోగం వల్ల మైలార్‌దేవ్‌పల్లిలో స్థిరపడ్డాం. చల్లగా ఉంచాల్సిన మందుల పెట్టెలు లారీల్లో మా దగ్గరికి వస్తాయి. గేటు దగ్గర చేతి స్కానర్‌తో పెట్టె మీది గీతలు చదివితే ఆ వివరం మా వెబ్ సర్వర్‌కు చేరుతుంది. అది సరే అంటేనే పెట్టె కోల్డ్ రూములోకి వెళ్తుంది. స్కాన్ కాని పెట్టెను లోపలికి తీసుకోకూడదని నిబంధన.

ఆ సర్వర్‌ను నిలబెట్టింది నర్సింగన్న. మంఖాల్‌లో వ్యవసాయ కుటుంబం. పొద్దున్నే పొలానికి నీళ్లు పెట్టి తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఉండేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. మా స్కానర్లు పాతవి, మామూలు సర్వర్‌తో మాట్లాడవు. అందుకని ఆయన సొంతంగా ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాడు. సర్వర్‌ను సోర్సు నుంచి కంపైల్ చేసేటప్పుడే, అంటే మూల కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసేటప్పుడే, దాన్నీ కలపాలి. పప్పుతోపాటు మెంతులు నానబెట్టి రుబ్బుకున్నట్టు. తర్వాత కలుపుతానంటే కుదరదు.

ఆ ఫోల్డర్‌కు బ్యాకప్ ఉందా అంటే, నర్సింగన్నే బ్యాకప్. కిడ్నీ జబ్బుతో రెండు నెలలు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. అంత్యక్రియల రోజు ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నానని వెళ్లలేదు. దినాలకూ వెళ్లలేదు. దానికి ఏ సాకూ లేదు, సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

నెల తిరక్కుండానే పాత మిషన్ డిస్క్ చెడిపోతున్నట్టు హెచ్చరికలు మొదలయ్యాయి. కొత్త మిషన్ తెప్పించారు. బయటి నుంచి ఎవరినైనా పిలుద్దామా అని మేనేజర్ ప్రసాద్ గారు అడిగితే, అక్కర్లేదు, నేనే చేస్తానన్నాను. నర్సింగన్న లేకపోయినా నాకు చేతనవునని చూపించుకోవాలని ఉండింది, దాచడం ఎందుకు.

ప్రసాద్ గారు పంచాంగం చూడనిదే కొత్త కుర్చీలో కూడా కూర్చోరు. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వస్తుంది, ఆలోపే మొదలుపెట్టాలన్నారు. కొత్త మిషన్‌కు పసుపు, కుంకుమ పెట్టి గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టించేసరికి పది ఇరవై అయింది. ఆయన వాచీ చూసుకుంటూ నా వెనకే నిలబడ్డారు.

పేజీలు, డేటా ముందురోజే పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టుకున్నాను. సర్వర్ సోర్సు కూడా అందులోనే ఉంది. పాత మిషన్ ఆపేశాను. కొత్తదానికి ఇంకా నెట్‌వర్క్ వైరు పెట్టలేదు. సర్వర్‌లో ఏమేం కలపాలో చెప్పే పొడవాటి కమాండ్ ఒకటుంటుంది. దాన్ని గబగబా టైప్ చేసి పది ఇరవై ఆరుకు ఎంటర్ కొట్టాను. తర్వాత ‘మేక్’, అంటే ఇక కంపైల్ మొదలుపెట్టమని. కుర్చీలోంచి లేవలేదు. పది యాభైకి ఒక్క తప్పు లేకుండా పూర్తయింది. స్టార్ట్ చేస్తే మొదటి పేజీ వచ్చింది. ప్రసాద్ గారు స్వయంగా నా నోట్లో లడ్డూ పెట్టారు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం కలుపుతుంటే గుర్తొచ్చింది. నర్సింగన్న ఫోల్డర్. కమాండ్‌లో దాన్ని రాయలేదు. అసలు పాత మిషన్ నుంచి కాపీయే చేసుకోలేదు. 

పరిగెత్తుకొచ్చి పాత మిషన్ ఆన్ చేశాను. డిస్క్ టకటకమని కొట్టుకుంది తప్ప లేవలేదు. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. రెండు గంటలకు ఇన్సులిన్ లారీ రావాలి. బయట నడివేసవి ఎండ. ఆ మందు చెడితే నా ఉద్యోగం ఒక్కటే కాదు, దాని కోసం ఎదురుచూసేవాళ్లు ఉంటారు. 

ఏం చేయాలో తోచక, కొత్త సర్వర్‌ను దేనిదేనితో కంపైల్ అయ్యావో చెప్పమని అడిగాను. దానికొక చిన్న కమాండ్ ఉంది. నేను పొద్దున రాసినవన్నీ వరసగా వచ్చాయి. చివర ఇంకొకటి ఉంది. నర్సింగన్న ఫోల్డర్ పేరు, పూర్తి దారితో సహా.

నమ్మబుద్ధి కాలేదు. నెట్‌వర్క్ వైరు పెట్టాను. రెండు దాటాక లారీ వచ్చింది. మొదటి పెట్టె స్కాన్ అయింది, సరే అని వచ్చింది. తర్వాత అన్నీ లోపలికి వెళ్లాయి.

ఆ సాయంత్రం నుంచి వారం రోజులు వెతికాను. కొత్త మిషన్‌లో ఆ ఫోల్డర్ ఎక్కడా లేదు. పెన్‌డ్రైవ్‌లోనూ లేదు. లేని ఫోల్డర్ పేరు ఇస్తే కంపైల్ మొదట్లోనే ఆగిపోవాలి. నేను టైప్ చేసిన కమాండ్ల జాబితాలో ఆ చివరి మాట లేదు. సర్వర్ ఫైలు తయారైన సమయం పది యాభై, అంటే నేను కళ్లప్పగించి కూర్చున్న సమయమే. సర్వర్ గది తలుపు కార్డుతో తెరుచుకుంటుంది. ఆ రోజు దాని రికార్డులో నా కార్డు ఒక్కటే ఉంది, ప్రసాద్ గారు నాతోపాటే వచ్చి నాతోపాటే వెళ్లారు. అదే కమాండ్‌తో ఇంకో మిషన్‌లో మళ్లీ కంపైల్ చేసి చూశాను. అది స్కానర్లతో మాట్లాడలేదు. మాట్లాడకూడదు కూడా.

ఆఫీసులో మాత్రం నా పేరు మారుమోగింది. ఒంటి చేత్తో చేశాడన్నారు. నేను కాదనలేదు.

తర్వాతి ఆదివారం మంఖాల్ వెళ్లాను. వెళ్లాల్సినప్పుడు వెళ్లకుండా, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. నర్సింగన్న భార్య, మేం వదిన అని పిలిచే లక్ష్మమ్మ గారు, ఎందుకు రాలేదని ఒక్క మాట అడగలేదు. చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. నేనింకా ఆఫీసు సంగతి ఎత్తనే లేదు.

“కొత్త మిషిన్ పనైందా తమ్మీ?” అన్నారు.

నేను గ్లాసు కింద పెట్టాను.

“దవాఖానల పండుకొని గూడ గదే పరేషాన్ ఆయనకు. ‘పాత మిషిన్ ఇగ నడ్వదు, కొత్తది వెట్టేటప్పుడు తమ్ముడు ఉరుకుతడు, గా ఫోల్డర్ మర్శిపోతడు, నేనే పోయి పెట్టొస్త’ అని మంచం దిగవట్టె. జర ఆగు, మంచిగైనంక పోదువు తియ్యి అని నేనే పండవెట్టిన.”

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆఫీసంతటి ముందు నేనే చేశాననిపించుకున్నవాణ్ణి, ఆమె ముందు ఆ మాట అనలేకపోయాను.

“అయింది వదినా. అన్న పెట్టింది బాగా పనిచేస్తోంది” అన్నాను.

ఆ మాట ఎంతవరకు నిజమో ఈ రోజుకీ నాకు తెలియదు.