బట్టీ పట్టిన కంటిచార్టు

పాతికేళ్లుగా అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో పిల్లలకు "బట్టీ పట్టకండి" అని చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. అలాంటిదాన్ని, కంటి డాక్టర్ దగ్గర అక్షరాల చార్టు బట్టీ పట్టి అప్పజెప్పాను.

రొమ్ము క్యాన్సర్‌కు వారం వారం కీమో ఎక్కించుకుంటున్న రోజులవి. చూపు మసకబారింది. బోర్డు మీద నేను గీసిన గీత నాకే వంకరగా కనిపించేది. కీమో వార్డులో పక్క మంచం ఆవిడ, "కండ్లకు ఎక్కిందంటే మందు బంద్ చేస్తరక్కా, మా చెల్లెకు గట్లనే చేసిన్రు" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాను. మందు ఆపితే నా పని అయిపోయినట్టే అనుకున్నాను. ఆ చెల్లెలు ఇప్పుడెలా ఉందో అడగలేదు. అడిగే ఓపికా లేదు, ధైర్యమూ లేదు.

మావారు బలవంతాన నారాయణగూడలో కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. చిన్న క్లినిక్. చార్టు ఉన్న గదికీ మేం కూర్చున్న బెంచీకీ మధ్య ఒక్క కర్టెనే అడ్డు. నాకంటే ముందు ఆరుగురు చదివారు, అందరూ అవే అక్షరాలు. మూడో మనిషి వచ్చేసరికే కింది వరుసతో సహా నాకు నోటికి వచ్చేసింది. నా వంతు రాగానే గడగడా చదివేశాను. "చూపు బానే ఉందమ్మా, కీమోకి కళ్లు పొడిబారతాయి" అని డాక్టరు చుక్కల మందు రాశాడు. మావారి మొహం తేటపడింది. నాకు సిగ్గేసింది, అయినా నోరు విప్పలేదు.

ఇంకో ఆరు వారాలు ఎక్కించుకున్నాను. చిక్కడపల్లిలో మా ఇంటి నుంచి సెంటర్ పది నిమిషాల నడక. రోడ్డు దాటాలంటే భయమేసి ఆటోలో వెళ్లేదాన్ని. ఒకరోజు దిద్దిన పేపర్లు పంచుతుంటే ఒకమ్మాయి లేచి, "మేడం, నేను మంచిగనే రాసిన, మీరు కొట్టేసిన్రు. జర మళ్ల చూడుండ్రి" అంది. చూశాను. ఎంత దగ్గరగా పెట్టుకున్నా నడిమధ్య అక్షరాలు లేవు. నువ్వే చదివి వినిపించమ్మా అని పేపరు తన చేతికిచ్చి కుర్చీలో కూలబడ్డాను.

ఇక దాచలేక, చూపు ఆనడం లేదని చెప్పి వెళితే పెద్దాసుపత్రిలో కంటి వెనక భాగం స్కాన్ తీశారు. దాని ముందు బట్టీ ఏం పనిచేస్తుంది? కీమో మందు వల్ల రెండు కళ్లలోనూ రెటీనా మధ్యలో నీరు చేరి వాచింది. క్యాన్సర్ డాక్టరు చాలా మామూలుగా, "ఇది ఆపి ఇంకో మందు మొదలుపెడదాం. ముందే చెప్పి ఉంటే అప్పుడే మార్చేవాళ్లం" అన్నాడు. ఒక మందు కాకపోతే ఇంకో మందు ఉంటుందని నాకు తట్టనే లేదు. అన్నీ తెలిసిన మేడాన్ని!

మూడు నెలలకు వాపు దిగింది. కుడికన్ను తేరుకుంది. ఎడమకంటితో చూస్తే మనుషుల మొహాలు మధ్యలో చెరిగిపోయినట్టు ఉంటాయి. చూపు ఇక ఇంతకంటే రాదన్నారు.

ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి, చార్టు సంగతి మావారికి చెప్పేశాను. "నాకెందుకు చెప్పలేదు?" అన్నారు, కోపం కూడా లేకుండా. ఏడాదిగా చుట్టాలందరికీ నాకేం భయం లేదని చెప్పుకుంటూ తిరిగాను. ఇక ఆ అబద్ధం మోసే ఓపిక లేకపోయింది.

"చచ్చిపోతానని భయమేసిందండీ. కళ్లు పోయినా సరే, బతకాలనిపించింది."

ఆయన నా ఎదురుగానే ఏడ్చేశారు. నాకు ఏడవడానికి కూడా ఓపిక లేదు.