ఆయుధపూజకు కడిగిన ఫిల్టర్లు

2022 దసరా సెలవుల ముందు సంగతి. అప్పటికి తార్నాకలో నేను అక్వేరియం షాపు పెట్టి పదేళ్లు దాటింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగి, జువాలజీలో డిగ్రీ చేసి, చివరికి చేపలమ్ముకుంటోందేమిటని మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ మూతి విరుస్తుంటారు. విరవనీ.

మా వ్యాపారంలో నన్ను బాగా విసిగించే ప్రశ్న ఒకటుంది. "ట్యాంకు కొన్నాం కదండీ, చేపలు ఇవాళే వేసుకోవచ్చా?" వేసుకోకూడదు. చేప విసర్జించే దాంట్లోంచి అమోనియా పుడుతుంది. అది చేపకు విషం. దాన్ని తినే బ్యాక్టీరియా ఒక రకం ఉంటుంది. అది అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్‌తో అంత భయం లేదు, వారానికోసారి కొంచెం నీళ్లు మారిస్తే చాలు. ఈ రెండు రకాలూ ఫిల్టర్‌లోని స్పాంజిలో కాపురం పెట్టడానికి నెల దాకా పడుతుంది. చేపల్ని వేయకుండా, రోజూ కొన్ని చుక్కల అమోనియా పోసి వాటిని పెంచడాన్ని మేం సైక్లింగ్ అంటాం. చూసేవాళ్లకు మాత్రం ఖాళీ నీళ్లకు కరెంటు తగలేస్తున్నట్టు ఉంటుంది.

ఆ ఆగస్టు చివర్లో స్వప్న మా షాపుకి వచ్చింది. యూనివర్సిటీ క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. సూర్యాపేట వైపు వ్యవసాయ కుటుంబం, ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి.

"అక్కా, నా దగ్గర నలభై జీబ్రాఫిష్ ఉన్నయి. మూడో తరం. రెండేండ్ల సంది నేనే పెంచుకుంటొస్తున్న. అవి పోతే నా థీసిస్ పోయినట్టే," అంది.

జీబ్రాఫిష్ అంటే ఒంటినిండా నీలం చారలుండే చిన్న చేప, చిటికెన వేలంత కూడా ఉండదు. నా షాపులోనూ దొరుకుతుంది. కానీ ఆమె చేపలకు తాతల నాటి నుంచీ పుట్టుపూర్వోత్తరాలు నోటుబుక్కులో రాసి ఉన్నాయి. వాటి బదులు ఇంకోటి పనికిరాదు. అవి ఉన్న గది కప్పు వానకు కారుతోందని మరమ్మతుకు ఇచ్చేస్తున్నారు. దసరా సెలవుల్లో సోమవారం పొద్దున కాంట్రాక్టరు వస్తాడు, ఆలోపు గది ఖాళీ చేయాలి.

వరండాకి అవతలి గదిలో నాలుగడుగుల కొత్త ట్యాంకు నేనే బిగించాను. కింద బకెట్టులా ఉండే కానిస్టర్ ఫిల్టర్ పెట్టి సైక్లింగ్ మొదలుపెట్టాం. నీళ్లు పరీక్షించడం స్వప్నకు నేర్పాను. కిట్‌లోని మందు చుక్కలు వేస్తే, అమోనియా ఉన్న నీళ్లు పసుపు నుంచి ఆకుపచ్చకు తిరుగుతాయి. నైట్రైట్ ఉంటే నీలం కాస్తా ఊదా అవుతుంది. నెలరోజులు ఆ అమ్మాయి ఒక్క పూట తప్పలేదు. శుక్రవారం పొద్దున నేనే వెళ్లి చూశాను. ఒక గొట్టంలో పసుపు, ఒక గొట్టంలో లేత నీలం. రెండు విషాలూ లేవు. "రేపు మార్చేద్దాం," అన్నాను, నా పనితనానికి నేనే మురిసిపోతూ.

శనివారం పొద్దున మేమిద్దరం వెళ్లేసరికి గుమ్మం దగ్గర గుమ్మడికాయ పగిలి ఉంది, వరండా నిండా బంతిరేకులు. సెలవుల్లో ఎవరూ ఉండరని ముందురోజు మధ్యాహ్నమే విభాగంలో ఆయుధపూజ చేసేశారు. మైక్రోస్కోపులకు బొట్లు, జిరాక్స్ మిషన్‌కు దండ. నవ్వుకుంటూ కొత్త గది తలుపు తీశాను. లోపల చప్పుడు లేదు. ఫిల్టర్ తిరిగే సన్నటి మోత కూడా వినపడలేదు.

ట్యాంకు అద్దంలా మెరుస్తోంది. కొత్త నీళ్లు, కడిగిన గులకరాళ్లు. ఫిల్టర్ మీద పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు. వైరు చక్కగా చుట్టి పైన పెట్టారు. మూత తీస్తే స్పాంజి నేను అమ్మిన రోజుకన్నా తెల్లగా ఉంది. సబ్బు వాసన గుప్పుమంది. నెలరోజుల పంట తూములోకి పోయింది.

స్వప్న పాత గదిలోకి పరుగెత్తింది. నేనూ వెళ్లాను. అక్కడి ఫిల్టర్ల స్పాంజిలు కూడా ఉతికి కిటికీ ఊచలకు ఆరేశారు. ప్రాణులున్నాయని నీళ్లు మాత్రం ముట్టుకోలేదు. నలభై చేపలూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. గాలి పంపులు వేసి, సగం నీళ్లు మార్చి, పరీక్ష చేశాను. గొట్టం ఆకుపచ్చకు తిరిగింది.

ఆ చప్పుడుకు అటెండర్ యాదగిరి గారు వచ్చారు. ఆ గదులన్నిటికీ ఆయన దగ్గర కూడా తాళాలుంటాయి. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు.

"నా రెండేండ్ల పని నాశనం చేసినవ్ కాకా! ఎవరు కడగమన్నరు?" స్వప్న ఏడుస్తూ అరిచింది.

ఆయన బిత్తరపోయారు. "ఆయుధపూజ కదా బిడ్డా. మిషన్లన్ని బందు వెట్టి, కడిగి, బొట్టు వెడ్తం. ముప్పై ఏండ్ల సంది గట్లనే చేస్తున్న. పోయినేడు నువ్వుండి నీ గదికి నువ్వే బొట్టు వెట్టుకున్నవ్. నీ మిషన్‌ను ఒక్కదాన్నే ఎట్ల ఇడిచిపెట్టాలె?" తర్వాత నా వైపు తిరిగారు. "మేడం, ఆ ఖాళీ నీళ్లల్ల ఏం పెంచుతున్నరని మిమ్ముల నేనొకపాలి అడిగిన. ఏం లేదులే, నీళ్లే అన్నరు."

నిజమే, అన్నాను. ఆ రోజు తొందరలో ఉన్నాను. అంతకన్నా పచ్చిగా చెప్పాలంటే, ఈయనకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. స్వప్నకు బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పినదాన్ని, చీపురూ తాళాలూ చేతిలో ఉన్న మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు.

"అక్కా, మీ షాపుల పాత స్పాంజి ఉంటది కదా? తెచ్చి దీంట్ల పెడితే?" స్వప్న కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

సరైన ఉపాయం. పండిన స్పాంజి ఒకటి దొరికితే బ్యాక్టీరియా దాంతోపాటే వస్తుంది. కానీ పది రోజుల కిందటే నా షాపులో కొత్త సరుకుతో తెల్లమచ్చల జబ్బు వచ్చింది. మందేస్తే తగ్గింది. సరేనంటే పది నిమిషాల్లో నా పరువు నిలబడుతుంది, అడిగేవాళ్లు కూడా లేరు. నోటిదాకా వచ్చింది.

"నా షాపులో జబ్బు వచ్చి తగ్గింది. పూర్తిగా పోయిందని ఒట్టేసి చెప్పలేను. అక్కడి చుక్క నీరు కూడా నీ చేపలకు తగలనివ్వను," అన్నాను.

ఆరేసిన స్పాంజి ఒకటి తీసి చూస్తూ యాదగిరి గారు అడిగారు. "అంటే మీకు గావాల్సింది మురికా మేడం? పాత మురికి?"

"అవును. జబ్బు లేని ట్యాంకులోది."

"రీడింగ్ హాల్ల ఒక అక్వేరియం ఉన్నది. కొత్త చేప ఎయ్యక నాలుగేండ్లయితుండొచ్చు. వాచ్‌మన్ గింజలేస్తడు, గంతే. కడిగే దిక్కు లేదు."

"అక్కడా పూజ చేశారా?"

"ఏమో. గా బిల్డింగ్ నాది కాదు."

ఆయన మోపెడ్ వెనక స్వప్న, నా స్కూటీ మీద ఖాళీ బకెట్టుతో నేను. దారిలో ప్రతి గేటు ముందూ పగిలిన గుమ్మడికాయే. ఒక్కొక్కటి దాటుతుంటే నా ఆశ సన్నగిల్లుతోంది. రీడింగ్ హాలు గుమ్మం ముందూ ఉంది. యాదగిరి గారు అక్కడి ఇన్‌చార్జికి ఫోన్ చేసి ఒప్పించి, వాచ్‌మన్‌తో తాళం తీయించేదాకా నేను లోపలికి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

ఫిల్టర్ తిరుగుతోంది. పాకుడు పట్టిన అద్దం వెనక రెండు బలిసిన గోల్డ్‌ఫిష్ తాపీగా ఈదుతున్నాయి. అలాంటి ట్యాంకు కనిపిస్తే యజమానిని నిలబెట్టి కడిగేసే మనిషిని నేను. ఆ రోజు దానికి దండం పెట్టుకున్నాను. నల్లటి బురదతో ఉన్న రెండు స్పాంజిల్లో ఒకటి వాటికే వదిలేసి, రెండోది అదే నీళ్లలో ముంచి బకెట్టులో తెచ్చాం. ఎండితే అందులోని బ్యాక్టీరియా చస్తుంది.

సబ్బు పోయేదాకా కొత్త ట్యాంకునూ ఫిల్టర్‌నూ కడిగి, క్లోరిన్ విరుగుడు కలిపిన నీళ్లు నింపి, ఆ స్పాంజి పెట్టాం. ముందు ఎనిమిది చేపలనే వదిలాను. మిగతావి అదే గదిలో టబ్బుల్లో. సోమవారం కాంట్రాక్టరు వచ్చేసరికి పాత గది ఖాళీ. అయినా గండం గడవలేదు. ట్యాంకులో అమోనియా తగ్గింది, నైట్రైట్ గొట్టం ఊదా రంగుకు తిరిగింది. ఆ సాయంత్రానికి, ఫిల్టర్ లేని టబ్బుల్లో నాలుగు చేపలు చచ్చాయి. మంగళవారం ఇంకో రెండు. స్వప్న వాటి నంబర్లు నోటుబుక్కులో కొట్టేస్తుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

యాదగిరి గారు ఎవరూ పిలవకుండానే రోజూ వచ్చారు. నీళ్లు మోశారు, క్లోరిన్ విరుగుడు కొలిచి కలిపారు. బ్యాక్టీరియా సంగతంతా ఈసారి ఆయనకు కూర్చోబెట్టి చెప్పాను. పది నిమిషాలు పట్టింది. "అంటే కంటికి కానరాని గొడ్లు. ఊపిరాడాలె, తిండి గావాలె," అన్నారు. అంతే.

దసరా సాయంత్రం ఆయన కొత్త చొక్కాతో వచ్చి, మా ఇద్దరి చేతుల్లో జమ్మి ఆకు పెట్టారు. స్వప్న ఆయన కాళ్లకు దండం పెట్టింది. ఆయన ఆ అమ్మాయి వైపు చూడలేక ట్యాంకు వైపు చూస్తూ, "ఇయ్యాల రంగేంది బిడ్డా?" అన్నారు.

స్వప్న గొట్టం వెలుతురుకు ఎత్తింది. లేత నీలం.

"ఆరు సచ్చినయి గదా. తప్పు నాదే మేడం," అన్నారాయన.

"మీది కాదు. నాది," అన్నాను. నా జీవితంలో అంత తేలిగ్గా ఒప్పుకున్న తప్పు ఇంకోటి లేదు.

మిగిలిన ముప్పై నాలుగూ బతికాయి, నాలుగో తరానికి గుడ్లు పెట్టాయి. ఆ దసరా తర్వాత నా షాపులో ఒక కొత్త పద్ధతి పెట్టాను. ట్యాంకు కొనడానికి ఎవరొచ్చినా, ఆ గది ఎవరు ఊడుస్తారని మొదట అడుగుతాను. ఆ మనిషిని కూడా తీసుకురమ్మంటాను. మొన్న అంబర్‌పేట నుంచి ఒకాయన షాపులోకెల్లా పెద్ద ట్యాంకు ఎంచుకుని, ఈ మాట వినగానే చిరాకు పడ్డాడు. "మా పనిమనిషికి ఎందుకండీ ఇవన్నీ? కొనేది నేను," అన్నాడు. ఆమె వచ్చి వినిపోతే తప్ప ట్యాంకు ఇవ్వనన్నాను. ఆయన విసురుగా వెళ్లిపోయాడు. నేను వెనక్కి పిలవలేదు.