వ్యానులో పులిహోర, వియ్యపురాళ్ళ ఆకలి

మదురై అవతల నీళ్ళ ఆటల పార్కు ఒకటి కొత్తగా తెరిచారని విన్న రోజు నుంచి కోవిల్‌పట్టిలోని మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. నా ఇద్దరు కూతుళ్ళకు సంతోషంతో. నాకు, మా ఆవిడకు, మా అమ్మకు ఒక్క ప్రశ్నతో. అక్కడ మధ్యాహ్నం ఏం తినడం?

మావాళ్ళ సంగతి తెలియని వారికి ఒక మాట చెప్పాలి. నల్లరేగడి మీద నిలబడి, మబ్బుల మొహం చూసి బతికిన జనం మేము. ఎన్ని తరాల కిందట తెలుగు సీమ నుంచి ఇటు వచ్చామో ఎవరికీ తెలియదు గానీ, దారిలో తినడానికి అప్పుడు కట్టుకున్న సద్ది ఇంకా కొంత మిగిలే ఉంటుందని నా అనుమానం. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం, బస్సెక్కితే సద్దిమూట. సాత్తూరులో పెళ్ళికి పోతూ, పెళ్ళిభోజనానికి ముందు ఆకలేస్తే ఎట్లా అని ఇంకో భోజనం కట్టుకుపోయిన వంశం మాది.

ఈసారి మాత్రం అది నవ్వులాట కాదు. అమ్మకు షుగరు. మాత్ర వేసుకున్న అరగంటలో అన్నం తినాలని డాక్టరు చెప్పారు. కోవిల్‌పట్టి స్టేషన్లో రైలు ఆలస్యం కావచ్చు, అమ్మ మాత్ర కాదు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆమె మాత్రను చూసి గడియారం సరిచేసుకునేవారు. మాత్ర వేసుకుని తినకపోతే ఏమవుతుందో డాక్టరు నాకు విడిగా చెప్పారు. ఆ మాట నేను ఇంట్లో ఎవరితోనూ పంచుకోలేదు, మా ఆవిడతో తప్ప.

పార్కులోనే హోటలుందట, వేళకు వేడిగా కొని తినిపిద్దామని మా ఆవిడ. హోటల్లో తినడమంటే అమ్మకు పరాయి ఇంటి దొడ్డివాకిలి దగ్గర చేయి చాచినంత అవమానం. పులిహోర కలిపితే సాయంత్రం దాకా చెడదు, వేళకు చేతిలో ఉంటుంది అని ఆమె తీర్పు. మాతో రానున్న మా అత్తగారు విరుదునగరం నుంచి ఫోనులో తన మాట వేశారు. వాళ్ళ ఊళ్ళో పరోటాను నూనెలో ఈదించి, అది కరకరలాడుతూ ఒడ్డుకు చేరాక తింటారు. ఆ పరోటాలు పొట్లం కట్టి తెస్తానన్నారు. మూడు రాత్రులు చర్చ జరిగింది. నా పెళ్ళి నిశ్చయం కావడానికి ఒక్క పూట పట్టింది.

చివరికి పెద్దవాళ్ళిద్దరి మాటా నెగ్గింది. పులిహోర, పెరుగన్నం, ఇడ్లీలు, కందిపచ్చడి, వేయించిన వడియాలు. పులిహోర గిన్నె ఎంతదంటే, మా చిన్నదాన్ని అందులో కూర్చోబెట్టి మూత వేస్తే మదురై దాకా ఎవరికీ తెలియదు. తీపి మాత్రం ఒక్క పలుకు కూడా వద్దనుకున్నాం, అమ్మ ముందు మేం తినడం న్యాయం కాదని. మా ఊరి వేరుశనగ కడలమిఠాయి లేకుండా కోవిల్‌పట్టి పొలిమేర దాటిన మొదటి బండి మాదే అయివుంటుంది.

విరుదునగరంలో అత్తగారు పరోటాల సంచితో ఎక్కారు. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరికొకరు కిటికీ పక్క సీటు ఇచ్చుకోవడంలో కారియాపట్టి తిరుగుడు దాటిపోయింది. చివరికి కిటికీ పక్కన ఎవరూ కూర్చోలేదు.

పార్కు గేటు దగ్గర కాపలావాడు గిన్నెను చూసి, లోపలికి బయటి తిండి పోకూడదన్నాడు. అతనికి వడియాలు చూపించాం. అయినా కరగలేదు. తడిసే ఆటలు మాకెందుకని పెద్దవాళ్ళిద్దరూ వ్యాను దగ్గరే వేపచెట్టు నీడలో ఉండిపోతామన్నారు. మధ్యాహ్నానికి మేం బయటికి వచ్చేస్తాం, ఆలస్యమైతే మీరు తినేయండి అని మా ఆవిడ ఇద్దరికీ చెప్పింది. ఇద్దరూ తలలూపారు. తిండి పక్కనే ఉంది, మాత్ర సంచిలో ఉంది. నా మనసు తేలికపడింది.

లోపల ఒక జారుడుబల్ల ఉంది. దాని మెట్ల మీద వరుస కదిలే వేగానికి, కింద చేరినవాడికి పైకి పోయేలోగా మీసాలు నెరుస్తాయి. సగం మెట్లెక్కాక ముందుకూ పోలేము, వెనక్కూ దిగలేము. కింద జనం, పైన జనం, మధ్యలో చేతికి గడియారం లేని నేను. మా ఆవిడ రెండుసార్లు నా వైపు చూసింది. తినే ఉంటారులే అన్నాను.

బయట జరిగింది నాకు తర్వాత సగం డ్రైవరు, సగం అత్తగారు చెప్పారు. అమ్మ ఎప్పటి వేళకే మాత్ర వేసుకుంది. విస్తరాకు పరిచింది. మొదట డ్రైవరుకు పెట్టారు, బండి నడిపేవాడు ఆకలితో ఉండకూడదని. పక్క వ్యానులో తిరునెల్వేలి వాళ్ళ పసివాడు ఏడుస్తుంటే వాడికి ఇడ్లీ పెట్టారు, వాడి తల్లికి పులిహోర పెట్టారు. అందరికీ పెట్టాక ఇద్దరూ రెండాకుల ముందు కూర్చున్నారు.

"మీరు ఒక పిడస నోట్లో ఏసుకోండి వదినా, మాత్ర మింగుండారు గదా" అని అత్తగారు.

"ఆడపిల్లనిచ్చినదానివి, నువ్వు ఆకలిగా ఉంటే నేనెట్లా తినేది? నువ్వు మొదులుపెట్టు వదినా" అని అమ్మ.

"బాగుంది. మొగబిడ్డ తల్లి చెయ్యి పెట్టకముందు నేను పెట్టేదా? మావూళ్ళో వింటే నవ్వుతారు."

సరి, పిల్లలే వచ్చేయనీ, అందరం కలిసి తిందామని ఇద్దరూ రాజీకి వచ్చారట. గిన్నెల మీద మళ్ళీ మూతలు బోర్లించారు. కడుపు నిండిన డ్రైవరు నిద్రపోయాడు. కాసేపటికి అమ్మకు చెమటలు పడితే, ఎండ అనుకుని అత్తగారు ఖాళీ విస్తరితో విసిరారు. విసిరి విసిరి ఆమె చెయ్యి పడిపోయింది. ఆ చేతికి ఒక అడుగు దూరంలోనే పులిహోర ఉంది.

మేం వచ్చేసరికి అమ్మ చక్రానికి ఆనుకుని కూర్చుని ఉంది. రవిక తడిసి ఒంటికి అంటుకుంది. పెదవులు కదులుతున్నాయి. నేను వంగి అమ్మా అన్నాను. నా మొహం మర్యాదగా, కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఎవరి బిడ్డవు అబ్బీ నువ్వు? తిన్నావా?" అంది.

నేను దేన్నైనా పదింతలు చేసి చెప్తానని మా ఇంట్లో పేరు. ఈ ఒక్క మాటను గోరంత కూడా పెంచలేదు.

ఒంట్లో చక్కెర పడిపోయిందని అర్థమైంది. తీపి ఏదైనా ఉందా అని నేను గిన్నెలన్నీ తెరిచాను. కారం, పులుపు, ఉప్పు. మా ఆవిడ చిన్నదాని చేతిలోంచి సగం తాగిన కూల్‌డ్రింకు లాక్కుని అమ్మ నోట్లో కొద్దికొద్దిగా పోసింది. ఎంగిలి గ్లాసు వాసన కూడా పడని మనిషి గుటకలు వేసింది. అత్తగారు అమ్మ రెండో చెయ్యి పట్టుకుని, తింటే సరిపోయేదే, నేను తింటే సరిపోయేదే అని అదే మాట అంటూ ఉన్నారు.

దారిలో ఒక చిన్న ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారు. డాక్టరమ్మ యువతి. పెద్దామెకు తినడానికి ఏమీ దొరకలేదా అని తమిళంలో అడిగింది. బయట మా వ్యానులో ఆ ఆసుపత్రి మొత్తానికి రెండు పూటలు సరిపోయే తిండి ఉంది.

చీకటిపడేవేళకు విరుదునగరం చేరాం. అమ్మకు పూర్తిగా తెలివి వచ్చింది, దాంతోపాటు సిగ్గు కూడా. వియ్యపురాలి ముందు, నడివీధిలో, ఎంగిలి సీసా తాగానన్నదే ఆమె బాధ. బతికినందుకు కాదు. తిన్నగా ఇంటికి పోదామంది. అత్తగారు ఒప్పుకోలేదు. ఇంట్లో ఆకులు వేశారు, వేడి అన్నం వడ్డించారు. మేమందరం కూర్చునేలోగా, అమ్మ ఎదుటి ఆకు ముందు ఆమె గబుక్కున కూలబడి, పప్పు కూడా పడని వట్టి అన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమలడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"తింటిని వదినా," అన్నారు. "మర్యాద చెడింది. ఇంక మీరు తినండి."

అమ్మ అన్నంలో చెయ్యి పెట్టింది. ముద్ద పైకి లేచింది, ఆగింది. నేను, మా ఆవిడ, పిల్లలు, అత్తగారు, అందరం ఆ ముద్దనే చూస్తున్నాం.

"ఏమి చూసేది? ఇట్లా చూస్తా ఉంటే ఎట్లా తినేది?" అంది.

తలలు దించుకున్నాం. దించుకుని, పక్క చూపులు చూశాం. ఆ రోజు నుంచి ఆమె ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో అన్నం వేళంటే అదే. అమ్మ తినేది, మేం చూడనట్టు చూసేవాళ్ళం, ఆమె తెలియనట్టు తొందరతొందరగా మింగేసి లేచిపోయేది.