ముందుకు పరిగెత్తే గిటారు

నాకు తాళం లేదని ఇరవై మూడేళ్ళ వయసులో తెలిసింది. అప్పటిదాకా మిగతావాళ్ళకే లేదనుకునేదాన్ని.

నరసరావుపేటలో మా ఆర్కెస్ట్రాని ఒక హైస్కూలు డ్రిల్లు మాస్టారు నడిపేవారు. పెళ్ళిళ్ళలో సినిమా పాటలు వాయించేవాళ్ళం. పాడేందుకు ఒకాయన, గిటారుతో నేను, తబలాకి ఒక ఆయిలింజన్ల మెకానిక్కు. ఆ తబలా ఆయన్ని ఊరంతా భాయ్ అనేది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు, మా నాన్న ఈడువాడు, అందుకని నేను బాబాయ్ అనేదాన్ని. ఎనభైల్లో మా వైపు ఆర్కెస్ట్రాలో ఆడపిల్ల ఉందంటే పాడే పిల్లే అయి ఉండాలి. పాడని పిల్లకి స్టేజీ మీద ఏం పని అని పెళ్ళివాళ్ళు మాస్టారిని పక్కకి పిలిచి అడిగేవాళ్ళు. వాయిస్తోంది, కనపడటం లేదా అని నేనే జవాబిచ్చేదాన్ని.

బి.ఏ. అయి రెండేళ్ళయింది. ఉద్యోగం రాలేదు. ఇంట్లో నేనేం చేసినా ఎవరో ఒకరు తప్పు పట్టడం, నేను తిరిగి అనడం, అలా పొద్దుపోయేది. ఆదివారం మధ్యాహ్నం స్కూలు గదిలో జరిగే ప్రాక్టీసు ఒక్కటే నాది అనుకోవడానికి మిగిలింది. అది పోతే వారానికి ఏడు రోజులూ ఇంట్లోనే. అందుకే మాస్టారు ఒకరోజు టేపురికార్డరు తెచ్చి, వినుకొండ పెళ్ళిలో మేం వాయించిన పాట వినిపించి, "గిటారు పరిగెడుతోందమ్మా" అన్నప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

కాళ్ళూ చేతులూ ఆడకపోయినా నోరు ఆడింది. రికార్డు చేసేటప్పుడు సెల్లులు నీరసించి ఉంటాయి, టేపు నెమ్మదిగా తిరిగి ఉంటుంది, ఇప్పుడు కొత్త సెల్లులు వేశారు కాబట్టి పాట పరిగెడుతోంది అని వాదించాను. మాస్టారు నిజమేనేమో అన్నట్టు టేపురికార్డరు వెనక మూత తీసి చూశారు. బాబాయ్ మాత్రం చూడలేదు.

"సెల్లుల తప్పయితే పాడే ఆయన గొంతు కూడా చిన్నపిల్ల గొంతులాగా సన్నబడాలిగా అమ్మాయ్. గొంతు అట్టనే ఉంది. పరిగెత్తేది నువ్వొక్కదానివే."

మళ్ళీ వెయ్యమన్నాను. పాట మళ్ళీ వేశారు. ఈసారి నాకే వినపడింది. తీగల మీద వేళ్ళకి తేలికగా పట్టుబడే కార్డు రాగానే నా చెయ్యి ఉరుకుతోంది, నా వెనకే తబలా కూడా ఉరుకుతోంది. రెండేళ్ళ నుంచీ ఆయన నన్ను పట్టుకోవడానికి పరిగెత్తుతూ వస్తున్నాడు. పాట వినేవాళ్ళకి తెలియకపోవడానికి కారణం అదే. ఒక్కసారి కూడా ఆ మాట అనలేదేమని అడిగితే, "చెబితే వింటావా?" అన్నాడు.

మాస్టారు నెలరోజులు గడువిచ్చారు. వైశాఖంలో ముహూర్తాలు మొదలవుతాయి, ఈలోగా కుదురుకోకపోతే వినుకొండలో కీబోర్డు వాయించే మనిషి సిద్ధంగా ఉన్నాడని చెప్పారు. ఆయన కోపంగా చెప్పలేదు. కోప్పడి ఉంటే పోట్లాడేదాన్ని.

కాలేజీ హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర కార్డులు నేర్చుకుని, మిగతాదంతా మంచం మీద కూర్చుని ఒక్కదాన్నే సాధన చేశాను. ఒక్కరే వాయిస్తే కష్టమైన చోట ఆగొచ్చు, తేలికైన చోట దౌడు తీయొచ్చు, అడిగేవాళ్ళుండరు. అలా నాలుగేళ్ళు గట్టిపడిన అలవాటుని నెలలో వదిలించుకోవాలి. టకటకమని లెక్క కొట్టే పెట్టె ఒకటి ఉంటుందని చదివి గుంటూరులో వాయిద్యాల షాపుకి వెళ్ళి అడిగాను. షాపతను నన్ను ఎగాదిగా చూసి, ఇంట్లో గోడ గడియారం లేదా అన్నాడు.

అప్పుడు పెరటి గోడ అవతల పిండి మర గుర్తొచ్చింది. ఆయిలింజను పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా డుగుడుగుమని ఒకే తీరున కొడుతుంది. పీట వేసుకుని గోడవారన కూర్చుని, ఇంజను కొట్టే ప్రతి దెబ్బకీ గిటారు తీగల మీద ఒక దెబ్బ వేసేదాన్ని. కారం ఆడించే రోజుల్లో కళ్ళ వెంట నీళ్ళు, తుమ్ములు. మర ఆవిడ గోడ మీంచి తొంగి చూసి, "ఏంది అమ్మాయ్, మా ఇంజనుకి పెళ్ళి చేస్తన్నావా?" అంది. ముందు దాని దగ్గు తగ్గించండి, తర్వాత సంబంధాలు చూద్దాం అన్నాను. ఇరవై రోజులు అలా కూర్చున్నాను. చివరికి నా దెబ్బ ఇంజను దెబ్బలో కలిసిపోయి వినపడకుండా పోయేది. ఇక నన్నెవరూ కదిలించలేరనుకున్నాను.

ఆ ఆదివారం ప్రాక్టీసులో పాట సగం కాకముందే బాబాయ్ తబలా మీద చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు. ఎక్కడ సాధన చేశావని అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వాడు గానీ అది నవ్వులా లేదు.

"ఆ ఇంజను నేను చూసేదే. తొట్లో గింజలు పోస్తే వేగం దిగుద్ది, మర ఖాళీ అయితే లేస్తది. నువ్వూ అట్టనే దిగి లేస్తన్నావు. వేగం మారకుండా పట్టుకునే గవర్నరు అరిగిపోయింది దానికి."

"మరి నాకో?"

"నీకసలు బిగించలేదు."

పాడే ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకూ నవ్వు రావలసిన మాటే. ఇంటికి వెళ్ళి గిటారు గోడకి ఆనించి, దాని ఎదురుగా కూర్చున్నాను. పరిగెత్తడం మానేశాననుకుంటే వెంబడించడం నేర్చుకున్నాను. టైము అనేది మిగతావాళ్ళకి ఒంట్లో ఎక్కడో ఉంటుంది, నా ఒంట్లో ఆ చోటు ఖాళీ. చదివి తెచ్చుకునేది కాదు, వాదించి గెలిచేది కాదు.

ఇక పది రోజులు మిగిలాయి. పాటలు పక్కన పెట్టి, ఒకే కార్డు పట్టుకుని నడుస్తూ వాయించమన్నాడు బాబాయ్, నోటితో లెక్కపెట్టమన్నాడు. పెరట్లో ఎండలో బావి చుట్టూ తిరిగాను. కాళ్ళు కూడా ఉరికేవి. ఆపితే మరీ ఆగిపోయేవి. తప్పుందని తెలిశాక ప్రతి దెబ్బా తప్పుగానే వినపడుతుంది, ఒప్పు ఎలా ఉంటుందో మరిచిపోతాం. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి, "ఎదుటోళ్ళ మాట అయిందాకా ఆగలేనిదానివి, తబలా కోసం ఆగుతావా?" అంది. దానికీ ఏదో అన్నాను. అంటూనే లెక్క పోగొట్టుకున్నాను.

గడువు చివరి ఆదివారం పరీక్ష ఎలా ఉండాలో బాబాయే చెప్పాడు. ఇద్దరం కలిసి మొదలుపెట్టాలి. తాళం నాలుగు ఆవర్తాలు తిరిగాక ఆయన ఆపేస్తాడు. ఎనిమిది ఆవర్తాలు నేనొక్కదాన్నే వాయించాలి, ఆయన తువ్వాలు కింద వేళ్ళతో లెక్కపెట్టుకుని మళ్ళీ అందుకుంటాడు. ఇద్దరి దెబ్బా ఒక్కచోట పడితే నేనుంటాను. టేపు అక్కర్లేదు, భాయ్ చెవి చాలు అన్నారు మాస్టారు.

తబలా ఆగింది. గదిలో గిటారు ఒక్కటే. నాలుగు ఆవర్తాలు బాగా నడిచాయి, ఎంత బాగా అంటే సంతోషమేసింది. ఆ సంతోషంలోనే ఐదో ఆవర్తంలో మణికట్టు దగ్గర ఏదో జారింది. తెలిసింది. వెనక్కి లాగాలని చూశాను, ఎంత లాగాలో తెలియలేదు. ఎనిమిదో ఆవర్తం అయ్యాక నా దెబ్బ పడింది. ఆ తర్వాత తబలా పడింది.

పాడే ఆయన కిటికీ వైపు తిరిగాడు. మాస్టారు బాబాయ్ వంక చూశారు. బాబాయ్ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"నేనే లేటొచ్చా మాస్టారూ. లెక్క తప్పింది. అమ్మాయి సరిగ్గానే ఉంది."

ఇంజను మూడు వీధుల అవతల ఒక్క దెబ్బ తప్పినా వినే మనిషి ఆయన. నేను నోరు మూసుకుంటే చాలు, వైశాఖం నాది, ఆదివారాలు నావి. మాస్టారు నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు, ఆ మొహంలో కనపడుతూనే ఉంది. కానీ నా కంటికి రాబోయే పెళ్ళిళ్ళన్నీ కనపడ్డాయి. ప్రతి పందిట్లో నేను ఉరుకుతుంటాను, ఆ పెద్దమనిషి చెమటలు కక్కుతూ నా వెనక వస్తుంటాడు, ఈసారి ఆ సంగతి నాకు తెలిసి మరీ.

"కాదు, నేనే ముందొచ్చాను," అన్నాను.

"నేనంటన్నాగా."

"ఐదో ఆవర్తంలో జారింది బాబాయ్. నీకూ తెలుసు."

ఆయన ఒప్పుకోలేదు. నేను వదల్లేదు. మాస్టారు ముందు ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం, చివరికి నేనే నెగ్గాను. కీబోర్డు ఆయనకి కబురు పంపుతానన్నారు మాస్టారు, నా మొహం చూడకుండా.

బాబాయ్ సైకిలు నడిపించుకుంటూ మా వీధి మలుపు దాకా వచ్చాడు. "ఒక్కపూట నోరు మూసుకోవడం చేతగాలేదు నీకు," అని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం అన్నాలయ్యాక చీర మార్చుకుని, జడ వేసుకుని, గిటారు సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళాను. వెళ్ళే చోటు లేదని అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. తలెత్తి చూసి, పక్కకి జరిగింది, కూర్చోమన్నట్టు. ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేది. తిరిగి అనేదాన్ని.